అసెంబుల్డు కంప్యూటరు: ఒక విపణి పూర్వకథ

సికింద్రాబాదు పార్కులేను ప్రాంతమున చెనాయ్ ట్రేడ్ సెంటరని యొక పెద్ద కట్టడము కలదు. జనులు దానిని సీటీసీ యందురు. గడచిన శతాబ్దపు చివరి యేండ్లలో, ఇంజనీరింగున చేరిన కుమారుని వెంటబెట్టుకొని, కంప్యూటరు సంగతులు తెలిసినవాడని బంధువర్గమున పేరుపడిన యొక మేనల్లుని తోడు తీసికొని, చీటీ పాడగా వచ్చిన సొమ్మో ప్రావిడెంటు ఫండునుండి తీసిన అప్పో లోపలి జేబున భద్రపరచుకొని, నల్లగొండనుండియో కరీంనగరమునుండియో తొలిబస్సున వచ్చిన గృహస్థులు ఆ మెట్లమీద తరచుగా కానవచ్చుచుండిరి. ఒక దుకాణమున కొటేషను వ్రాయించుకొని, దానిని రెండవ దుకాణమున చూపి, మూడవ దుకాణమున బేరము కుదుర్చుకొని, సాయంకాలమునకు మానిటరు పెట్టెను ఆటోలోను కాబినెట్టును ఒడిలోను పెట్టుకొని వారు బస్టాండునకు మరలుచుండిరి.

తెలుగునాట కంప్యూటరు విద్య వ్యాపించిన కథను చెప్పువారు సాధారణముగా 1998లో మాదాపురమున ప్రారంభమైన సైబర్ టవర్సుతో మొదలిడి, అమీర్‌పేట శిక్షణాలయముల మీదుగా అమెరికా ప్రయాణములతో ముగింతురు. ఆ శిక్షణాలయములలో పగలు విన్న పాఠమును రాత్రి ఇంటికడ అభ్యసించుటకు ఆధారమైన యంత్రము ఎచ్చటినుండి వచ్చెనో విచారించువారు అరుదు. పేరొందిన సంస్థలు తమ ముద్రవేసి అమ్మిన బ్రాండెడు కంప్యూటరు ఆనాటి బడిపంతులునకును గుమాస్తాకును అందని మ్రానిపండై యుండగా, వారి యిండ్లకు వచ్చినది దుకాణమున విడిభాగములతో కూర్చిన అసెంబుల్డు కంప్యూటరు. అది చౌకగా దొరకుట యొక మేలు. విడివిడిగా దొరకుట మరియొక మేలు. ఈ రెండవదియే నా దృష్టిలో పెద్దది. మొత్తము వెలను ఒక్కసారిగా చెల్లింపలేనివాడు నేడు కొంత, వచ్చే సంక్రాంతికి కొంత, పిల్లవానికి ఉద్యోగము వచ్చిన పిదప కొంత అని తన యంత్రమును క్రమక్రమముగా పెంచుకొనగలిగెను. అట్టి వెసులుబాటు ఎట్లు సంభవించెనో తెలియవలెనన్నచో సముద్రములు దాటి కొంత వెనుకకు పోవలసియున్నది.

1975 జనవరిలో వెలువడిన పాపులర్ ఎలక్ట్రానిక్స్ అను అమెరికా పత్రిక ముఖచిత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రము దర్శనమిచ్చెను. న్యూమెక్సికో రాష్ట్రములోని ఆల్బకర్కీ పట్టణమున ఎడ్ రాబర్ట్స్ అను నాతడు నడిపిన ఎంఐటీఎస్ అను చిన్న సంస్థ దానిని రూపొందించెను. ఇంటెల్ వారి 8080 ప్రాసెసరు, 256 బైట్ల మెమరీ, ముందు పలకపై వరుసగా స్విచ్చులు, చిన్నచిన్న దీపములు: ఇంతియే దాని స్వరూపము. తెర లేదు, కీబోర్డు లేదు. సుమారు 400 డాలర్లకు భాగములను తెప్పించుకొని, ఒక్కొక్క రెసిస్టరును ఒక్కొక్క సాకెట్టును స్వహస్తముతో సోల్డరింగు చేసికొని, స్విచ్చులను పైకి క్రిందికి వేయుచు ఒక్కొక్క ఆదేశమును లోనికి పంపవలసియుండెను. అయినను సంస్థ ఊహించినదానికంటె ఎన్నో రెట్లు ఆర్డర్లు వచ్చిపడెను. అంతవరకు ప్రభుత్వములకును విశ్వవిద్యాలయములకును పెద్ద వ్యాపారసంస్థలకును మాత్రమే సొంతమైన వస్తువు తమ బల్లపై నుండవలెనన్న కోరిక ఎంతమంది హృదయములలో నాటుకొని యుండెనో ఆ ఆర్డర్లు చాటినవి. మరుసటి యేట స్టీవ్ వోజ్నియాక్ రూపకల్పన చేసిన ఆపిల్ 1, పెట్టెయు కీబోర్డును లేని ఒట్టి సర్క్యూటు బోర్డుగా, 666 డాలర్ల 66 సెంట్లకు అమ్ముడుపోయెను. తక్కినవన్నియు కొన్నవాడే సమకూర్చుకొనవలెను.

ఔత్సాహికుల యభిరుచి లోకవ్యాపారముగా పరిణమించుటకు నాంది 1981 ఆగస్టు 12న పలుకబడెను. ఆనాడు ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించెను. తన యంత్రములలోని ముఖ్యభాగములను తానే నిర్మించుకొను అలవాటుగల ఆ మహాసంస్థ, ఒక్క సంవత్సరములో పని ముగియవలెనన్న తొందరచే, ఫ్లోరిడాలోని బోకా రాటన్ పట్టణమున నొక చిన్న బృందమును విడిగా ఏర్పరచి, బజారున దొరకు భాగములతోనే యంత్రమును కూర్చుటకు దానికి అనుమతి నిచ్చెను. ప్రాసెసరు ఇంటెల్ వారి 8088. ఆపరేటింగ్ సిస్టము మైక్రోసాఫ్టు వారిది. ప్రింటరు జపాను దేశపు ఎప్సన్ వారిది. ఫ్లాపీ డ్రైవు భారతదేశమునుండి వెళ్లిన తాండన్ అను నాతడు కాలిఫోర్నియాలో స్థాపించిన సంస్థది. అంతటితో నాగక, ఇతరులు తమ యంత్రమునకు తగిన కార్డులను చేసి అమ్ముకొనుటకు వీలుగా, లోపలి సర్క్యూటు పటములను, బయాసు అను మూలాదేశముల పాఠమును సైతము అచ్చువేసి పుస్తకముగా విక్రయించిరి. 16 కిలోబైట్ల మెమరీతో ఆ యంత్రపు ప్రారంభపు వెల 1565 డాలర్లు. అది చౌక కాదు. కాని దాని మదర్‌బోర్డుపై ఐదు స్లాట్లు కలవు. ఏ కార్డు ఎట్లు చేయబడినచో అచ్చట కుదురునో ఆ పుస్తకమున వ్రాసి యున్నది. అల్పాదాయకుటుంబము లోకమున ఎచ్చట కంప్యూటరు కూర్చుకొన్నను, దాని పునాది ఆ ఐదు స్లాట్లలోను ఆ యొక్క పుస్తకములోను కలదని నేను భావింతును.

ఆ బయాసు పాఠమునకు కాపీహక్కు ఉన్నది గనుక దానిని యథాతథముగా దింపుకొనుట నేరము. టెక్సస్ రాష్ట్రమున హ్యూస్టను నగరమందు స్థాపితమైన కంపాక్ సంస్థవారు దీనికొక ధర్మబద్ధమైన మార్గమును కనుగొనిరి. మూలమును చదివినవారు అది ఏమి చేయునో మాత్రమే వర్ణించి వ్రాయునట్లును, మూలమును కన్నెత్తియైన చూడనివారు ఆ వర్ణన ననుసరించి క్రొత్త పాఠమును రచించునట్లును పనిని రెండుగా విభజించిరి. అట్లు సిద్ధమైన యంత్రమును 1982 చివర ప్రకటించిరి. 1984లో ఫీనిక్స్ అను సంస్థ తాను ఇట్లే వ్రాయించిన బయాసును అడిగిన తయారీదారుల కెల్ల అమ్మసాగెను. నాటినుండి మదర్‌బోర్డు నిర్మాణము ఏ యొక్కరి సొత్తును కాక, తైవాను ద్వీపమున 1986లో పుట్టిన గిగాబైటు, ఎంఎస్ఐ సంస్థలకును, 1989లో పుట్టిన ఆసుస్ సంస్థకును, పేరైన లేని పెక్కు కర్మాగారములకును జీవనాధార మయ్యెను. ఐబీఎం 1984లో విడుదలచేసిన ఏటీ యంత్రములోని బోర్డు కొలతలు, మర బిగించు రంధ్రముల స్థానములతో సహా, లోకమునకెల్ల ప్రమాణములై, 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ ప్రమాణమును ప్రకటించువరకు రాజ్యమేలెను. తైవాను బోర్డు, మలేషియాలో ప్యాకైన ప్రాసెసరు, కొరియా మెమరీ, సింగపూరు హార్డ్ డిస్కు సికింద్రాబాదులో నొక రేకుపెట్టెలో చేరి తగవులేక పనిచేయుటకు మూలము ఈ కొలతల ఒద్దికయే.

మన దేశమున పరిస్థితి వేరు. హైదరాబాదునకు కంప్యూటరు క్రొత్త కాదు. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున వెలసిన ఈసీఐఎల్ సంస్థ 1969లోనే టీడీసీ-12 అను స్వదేశీ కంప్యూటరును నిర్మించి భాభా అణుపరిశోధన కేంద్రమునకు పంపెను. విదేశీ పెట్టుబడులపై వచ్చిన క్రొత్త నిబంధనలకు సమ్మతింపక ఐబీఎం 1978లో దేశమును విడిచిపోగా స్వదేశీ సంస్థలు కొన్ని ముందుకు వచ్చెను. అయినను లైసెన్సులును దిగుమతి సుంకములును అడ్డునిలుచుటచే, సామాన్యునకు కంప్యూటరు ఆఫీసులోని చల్లని గదిలో, చెప్పులు బయట విడిచి చూడవలసిన వస్తువుగనే యుండెను. 1984 నవంబరులో, రాజీవ్ గాంధీ ప్రధాని యైన కొలదిదినములకే, డాక్టర్ ఎన్. శేషగిరి ప్రధానపాత్ర వహించి రూపొందించిన నూతన కంప్యూటరు విధానము సుంకములను తగ్గించి ద్వారములు తెరచెను. 1991 సంస్కరణలు వాటిని మరింత వెడల్పుచేసెను. 1997లో భారతదేశము చేరిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక ఒప్పందము ప్రకారము 2005 నాటికి కంప్యూటరు భాగములపై మూలసుంకము తొలగిపోయెను.

సుంకము తగ్గినంతమాత్రమున వస్తువు వీథిలోనికి రాదు. దానిని విప్పి చూపువాడు, పనిచేయనిదానిని మార్చి యిచ్చువాడు, అరువు పెట్టువాడు కావలెను. అట్టివారు మనకు ముందే యుండిరి. మద్రాసు రిచీ స్ట్రీటు, బొంబాయి లామింగ్టన్ రోడ్డు, మన కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామగ్రికి వాసికెక్కిన వీథులు. రేడియోలను, టేపురికార్డర్లను, ఆపై టీవీలను విప్పి బాగుచేసిన చేతులకు మదర్‌బోర్డు భయపెట్టు వస్తువు కాలేదు. ఇంజనీరింగు పట్టము లేనివారు, పదవతరగతితో చదువు ఆపినవారు సైతము వినికిడిచేతను చేతినేర్పుచేతను ఈ విద్యను గ్రహించి, పట్టభద్రులకు సలహా చెప్పగలవారైరి. వారి నేర్పు ఏ విశ్వవిద్యాలయపు పట్టికయందును నమోదు కాలేదు.

ఆ దుకాణములలో వ్రాసి యిచ్చు కొటేషను కాగితము శ్రద్ధగా చదువదగినది. ప్రాసెసరు, మదర్‌బోర్డు, ర్యాము, హార్డ్ డిస్కు, ఫ్లాపీ డ్రైవు, సీడీ డ్రైవు, డిస్ప్లే కార్డు, సౌండు కార్డు, కాబినెట్టు, మానిటరు, కీబోర్డు, మౌసు అని వరుసగా వ్రాసి, ఒక్కొక్కదాని కెదురుగా వెల వేసి, అడుగున ‘పన్ను అదనము, ధర నేటికి మాత్రమే’ అని చేర్చుచుండిరి. 1998 ప్రాంతమున మొత్తము 40 వేల రూపాయల చుట్టుప్రక్కల తేలెడిది. ఐదారేండ్లకు అది 25 వేల దరిదాపునకు దిగెను. ఆ కాగితముపై తండ్రీకొడుకులకు జరుగు చర్చలో ఆ కుటుంబపు ఆర్థికస్థితి యంతయు బయటపడును. సౌండు కార్డు చదువునకు అక్కరలేదని తండ్రి కొట్టివేయించును; మోడెము తరువాత చూతమనును; 15 అంగుళముల మానిటరు 14 అంగుళముల దగును. కుమారుని పట్టుదలంతయు ప్రాసెసరుపైననే. మంచి దుకాణదారుడు మాత్రము, ప్రాసెసరున ఒక మెట్టు దిగి ఆ మిగులును ర్యాముపై పెట్టుమని చెప్పును. 32 మెగాబైట్లవి రెండు కొనుటకు మారుగా 64 మెగాబైట్లది ఒక్కటియే కొన్నచో రెండవ స్లాటు ముందుకాలమునకు ఖాళీగా నుండునని వివరించును. ఖాళీ స్లాటును ఆస్తిగా లెక్కించుట ఈ విద్యలోని సారము.

అల్పధనుల కొరకు ఇంటెల్ సంస్థ 1998లో సెలెరాన్ అను ప్రాసెసరును విడుదలచేసెను. మొదటి రకమున రెండవ స్థాయి క్యాషె మెమరీయే లేకపోవుటచే అది మందముగా నడచి అపకీర్తి పాలయ్యెను. అదే యేట వచ్చిన 300ఏ అను రకమున 128 కిలోబైట్ల క్యాషెను చిప్పులోననే చేర్చిరి. 300 మెగాహెర్ట్జు వేగమునకు అమ్మబడిన ఆ చిప్పు, బోర్డుపై బస్సు వేగమును 66 నుండి 100కు మార్చినచో, పలుమార్లు 450 వద్ద నిలకడగా పనిచేయుచు, ఎంతో ఖరీదైన పెంటియం 2తో భుజము కలుపుచుండెను. ఏఎండీ సంస్థవారి కె6-2, ఆపై డ్యూరాన్ ఈ తరగతి కొనుగోలుదారులకే మరియొక దారి చూపెను. 1999లో వచ్చిన ఇంటెల్ 810 చిప్‌సెట్టు డిస్ప్లే పనిని బోర్డులోననే ఇముడ్చుకొనుటచే కొటేషనులో నొక పంక్తియే తగ్గిపోయెను. ప్రధానమెమరీలో కొంత భాగమును అది వాడుకొనును గనుక వేగము కొంత తగ్గును గాని, సీ భాష అభ్యసించు విద్యార్థికి దానివలన లోటు లేదు.

బేరము కుదిరిన పిదప కూర్పు ఆరంభమగును. కాబినెట్టు రేకునకు బోర్డు తగులకుండ ఇత్తడి మరలను ముందు బిగింతురు. ప్రాసెసరు సాకెట్టు ప్రక్కనున్న చిన్న మీటను పైకెత్తి, చిప్పు మూలనున్న గుర్తును సాకెట్టు గుర్తుతో సరిచూచి, ఒత్తిడి లేకుండ దించి, మీటను మరల దింపుదురు. హార్డ్ డిస్కు రిబ్బను తీగెకు ఒక అంచున ఎర్రగీత యుండును. అది మొదటి పిన్ను వైపునకు రావలెను. ఒకే తీగెపై రెండు డ్రైవులున్నచో జంపరు అను అణుమాత్రపు తొడుగును మార్చి ఒకదానిని మాస్టరుగను రెండవదానిని స్లేవుగను నిర్ణయింపవలెను. ఏటీ బోర్డుల కాలమున బోర్డునకు కరెంటు ఇచ్చు తీగెలు రెండు ప్లగ్గులుగా వచ్చుచుండెను. రెంటియందలి నల్లతీగెలును నడుమ ప్రక్కప్రక్కన నుండునట్లు వానిని గ్రుచ్చవలెను. తారుమారైనచో వేల రూపాయల బోర్డు క్షణములో కాలిపోవును. ఏటీఎక్స్ వచ్చిన తరువాత ఒక్కటే ప్లగ్గై, ఒక్క వైపుననే కుదురునట్లు చేయబడి, ఆ భయము తీరెను. అన్నియు ముగిసి స్విచ్చు వేయగా స్పీకరునుండి ఒక్క చిన్న కూత వినవచ్చినచో సర్వము క్షేమము. పలుమార్లు కూసినచో ర్యామునో డిస్ప్లే కార్డునో తీసి మరల బిగింపవలసినదే.

ఇంటికి చేరిన పిదప వచ్చు చిక్కులు మన దేశపు చిక్కులు. ఎర్తు లేని ప్లగ్గునకు తగిలించినచో కాబినెట్టును తాకినప్పుడెల్ల చేయి జివ్వుమనును. అది యంత్రదోషమని భ్రమించి మరల సికింద్రాబాదునకు మోసికొనివచ్చినవారు కలరు. వేసవి కరెంటు కోతలను తట్టుకొనుటకు యూపీఎస్ కొనుట తప్పనిసరి యై, మొదటి బడ్జెటున లేని యా వ్యయము వచ్చే నెల జీతమునకు వాయిదాపడుచుండెను.

కొటేషనుపై ‘ధర నేటికి మాత్రమే’ అని వ్రాయుట వ్యాపారి చమత్కారము కాదు. 1993 జూలైలో జపాను దేశమున నీహామా పట్టణములోని సుమిటోమో రసాయన కర్మాగారమున అగ్నిప్రమాదము సంభవింపగా, చిప్పుల తొడుగులకు వాడు ఎపాక్సీ జిగురుకు కొరతవచ్చునన్న భయముతోనే లోకమంతట మెమరీ వెలలు ఎగసెను. 1999 సెప్టెంబరు 21న తైవానున భూమి కంపించినప్పుడును అట్లే జరిగెను. 2011లో థాయిలాండు వరదలలో కర్మాగారములు మునిగి హార్డ్ డిస్కులు ప్రియమయ్యెను. ఎక్కడనో తూర్పుసముద్రపు తీరమున జరిగిన యుపద్రవము సీటీసీలో నిలుచున్న గృహస్థుని జేబును మరునాడే తాకుచుండెను. డాలరుతో రూపాయి మారకపు హెచ్చుతగ్గులు దీనికి తోడు.

ఈ విపణియందు దోషములు లేకపోలేదు. తక్కువ వేగపు చిప్పుపై అక్షరములు చెరిపి ఎక్కువ వేగమును ముద్రించి అమ్ము మోసము 1990 దశాబ్దమున లోకమంతట ప్రబలి, ప్రాసెసరు వేగమును నిర్ణయించు గుణకమును మార్పరానిదిగా బిగించుటకు ఇంటెల్ సంస్థను పురికొల్పిన కారణములలో నొకటి యయ్యెను. బిల్లు లేకుండ కొన్నచో తక్కువ ధర యను పద్ధతివలన పన్నును, వారంటీయు రెండును పోవుచుండెను. ఆపరేటింగ్ సిస్టమునకు కొటేషనులో పంక్తియే లేక, నకలు సీడీతో దానిని ఎక్కించి యిచ్చుట సర్వసాధారణమై యుండెను. దీనిని నేను సమర్థింపజాలను. కంప్యూటరు పత్రికలతో ఉచితముగా వచ్చిన లినక్సు సీడీలు ధర్మబద్ధమైన మార్గమును చూపినను, దానిని ఆశ్రయించినవారు కొద్దిమందియే.

తెలుగుభాషకు ఈ యంత్రములు చేసిన యుపకారమును వేరుగా చెప్పవలెను. సీసపు టైపులు పేర్చు కంపోజిటర్ల స్థానమున డీటీపీ సెంటర్లు వెలసి, శుభలేఖలు, కరపత్రములు, చిన్నపత్రికలు, కవితాసంకలనములు అసెంబుల్డు కంప్యూటర్లపైననే కూర్పబడెను. పేజ్‌మేకరు, ‘అను’ ఫాంట్లు, పుణెనుండి వచ్చిన శ్రీలిపి ఆ సెంటర్ల ముఖ్యసాధనములు. ఇచ్చట నొక విచిత్రము కలదు. నాలుగు దేశముల భాగములు ఒక పెట్టెలో కుదురుచుండగా, ఒక వీథిలోని రెండు డీటీపీ సెంటర్ల తెలుగు అక్షరములు ఒకదానితో నొకటి కుదిరెడివి కావు. ఒక ఫాంటులో కూర్చిన గ్రంథము మరియొక ఫాంటులో తెరచినచో అర్థరహితమగును. 1991లోనే యూనికోడు ప్రమాణమున తెలుగునకు స్థానము లభించినను, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ వరకు అది మన యిండ్లలోని యంత్రములకు చేరలేదు. ఈ నడిమి కాలమున కూర్పబడిన తెలుగు పుస్తకములు పెక్కింటిని నేడు తెరచి చదువుట కష్టసాధ్యముగా నున్నది. యంత్రభాగముల విషయమున లోకము పాటించిన ఒప్పందమును మన లిపి విషయమున మనము సకాలమున పాటింపకపోవుట మిక్కిలి విచారకరము.

తరువాతి కథ సంక్షిప్తము. బ్రాండెడు యంత్రముల వెలలు దిగివచ్చెను. లాప్‌టాపు విద్యార్థి సంచిలో చేరెను. ఆపై చేతిఫోను అందరికిని మొదటి కంప్యూటరయ్యెను. 2012లో బ్రిటనునుండి వెలువడిన రాస్ప్‌బెరీ పై అను 35 డాలర్ల బోర్డు, కూర్చవలసిన పని లేకయే, బీదవిద్యార్థికి క్రొత్త ద్వారము తెరచెను. నేడు భాగములు కొని కంప్యూటరు కూర్చుకొనువారిలో ఆటల ప్రియులును, వీడియో ఎడిటింగు వారును ఎక్కువ. 2021 ప్రాంతమున గ్రాఫిక్స్ కార్డుల కొరత వచ్చినప్పుడు వారును పూర్వపు గృహస్థులవలెనే వెల తగ్గువరకు పాతదానితో సర్దుకొని, తక్కిన భాగములు కొని యుంచుకొనిరి. విడిగా కొనుటలోని వెసులుబాటు నేటికిని వారికి అక్కరకు వచ్చుచున్నది.

మన దేవాలయ శాసనములలో తెలికివారి, సాలెవారి, బేరిసెట్ల ప్రస్తావనలను వెదకి ప్రకటించిన చరిత్రకారులు మనకు కలరు. అదే శ్రద్ధకు ఈ విడిభాగముల వర్తకులును, వారియొద్ద పనిచేసిన టెక్నీషియనులును అర్హులు. వారిలో మొదటితరమువారు నేడు వయసు మీరుచున్నారు. దుకాణములు సెల్‌ఫోన్లకును సీసీటీవీ కెమెరాలకును మారుచున్నవి. విశ్వవిద్యాలయముల చరిత్రశాఖలు ఇద్దరు ముగ్గురు పరిశోధక విద్యార్థులను పార్కులేనునకును గుజరాతీ గల్లీకిని పంపి వారి వాఙ్మూలములను వ్రాయించుట పెద్ద వ్యయముతో కూడిన పని కాదు. పాఠకులారా, మీ యింట తొలి కంప్యూటరు కొన్ననాటి కొటేషను కాగితమో బిల్లో మిగిలియున్నచో పారవేయకుడు. దాని వెనుక కొన్న తేదీ, ఊరు, కొన్నవారి వృత్తి, ఆ సొమ్ము ఎట్లు సమకూడెనో వ్రాసి, ఒక ప్రతిని మీ ఊరి గ్రంథాలయమున కిండు.